హయత్‌నగర్ దారిలో పాత సరాయి: దాని చరిత్ర ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ తాతగారి ఊరు హయత్‌నగర్ దాటాక, విజయవాడ హైవేకి కొంచెం లోపలికి ఉంది. ఊరి చివర కొన్ని కమానులు, ఒక మెట్లబావి, సగం కూలిన గదుల వరస మిగిలాయి. దాన్ని కొందరు సరాయి అంటారు, కొందరు సత్రం అంటారు. కుతుబ్‌షాహీలు కట్టించారని ఒకరు, నిజాం కట్టించాడని ఇంకొకరు చెప్తారు. లోపల గోల్కొండ దాకా సొరంగం ఉందని కూడా ఊళ్ళో అనుకుంటారు. ఇందులో నిజమెంతో తేల్చి ఊరి బడి పిల్లల కోసం నాలుగు పేజీలు రాయాలని మీ కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. "ఎవరు కట్టించారు" అన్న ప్రశ్న కొన్నాళ్ళు పక్కన పెట్టండి. "దీని ఖర్చు ఏ భూమి మీద వచ్చేది" అన్న దగ్గర మొదలుపెట్టండి. కట్టించినవాళ్ళ పేరు రాతి మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కానీ దీపానికి నూనె, బావి పూడిక, కాపలా మనిషి తిండి ఊరికే రావు. వాటి కోసం ఎక్కడో నాలుగెకరాల ఇనాం, అంటే సేవకి బదులుగా ఇచ్చిన భూమి, ఉండే ఉంటుంది. భూమి ఉంటే కాగితం ఉంటుంది. మన తెలంగాణలో భూమికి పుట్టినన్ని కాగితాలు రాజులకు కూడా పుట్టలేదు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉర్దూ రికార్డులు చదవడం ఉద్యోగంలోనే అలవాటైంది. ఇప్పుడు రంగారెడ్డి, నల్గొండ వైపు ఊళ్ళవాళ్ళు ఇలాంటి పాత కట్టడాల కాగితాలు చూసిపెట్టమని అడుగుతుంటారు. చాలామంది రాజు పేరు కోసం వస్తారు, చివరికి సర్వే నంబరు పట్టుకుని వెళ్తారు. మీ పని కూడా అలాగే సాగుతుందని నా అంచనా.

ముందు దారి సంగతి. మీ ఊరు గోల్కొండ, హైదరాబాద్‌ల నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్ళే పాత బాటకి దగ్గర్లో ఉంది. కుతుబ్‌షాహీ రాజ్యానికి సముద్రం వైపు తలుపు మచిలీపట్నమే. బట్టలు, వజ్రాలు అటు వెళ్ళేవి, ఉప్పు ఇటు వచ్చేది. ఎడ్లబండి రోజుకి పది పన్నెండు మైళ్ళకి మించి నడవదు కాబట్టి అంతంత దూరంలో నీళ్ళు, నీడ, పశువుల మేత, రాత్రికి కాపలా కావాలి. ఇవన్నీ ఉన్న చోటే మజిలీ. చార్మినార్ నుంచి హయత్‌నగర్ దూరం చూడండి, సరిగ్గా ఒక రోజు బండి ప్రయాణం.

హయత్‌నగర్‌కి మీరు ఎన్నోసార్లు వెళ్ళే ఉంటారు, కానీ ఈసారి మసీదు ఆవరణని సరాయిగా చూడండి. 1672 నాటి ఆ మసీదుకి, ఆ ఊరికి కూడా అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరే. మసీదు మధ్యలో ఉంటుంది, చుట్టూ నాలుగు వైపులా కమానుల గదులు వరసగా ఉంటాయి. వందకు పైగా గదులు, అన్నీ బాటసారుల కోసమే. దగ్గర్లోనే హాథీ బావి అనే పెద్ద బావి ఉంది. ఒక మజిలీకి కావలసినవన్నీ అక్కడే కనిపిస్తాయి. మీ ఊరి శిథిలాలకి దీన్ని కొలతగా పెట్టుకోండి. గదుల లోతు, గుమ్మం ఎత్తు, గదులు ఏ వైపు తెరుచుకుంటాయి, బావి ఎంత దూరంలో ఉంది అన్నవి రెండు చోట్లా టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

రెండో నమూనా షేక్‌పేట సరాయి. ఇది నగరానికి పడమర, గోల్కొండ కోటకి దగ్గర్లో ఉంది. రెండంతస్తుల కట్టడం, గుర్రాలకీ ఒంటెలకీ వేరే చోటు, పక్కన మసీదు. కోట తలుపులు రాత్రి మూసేవాళ్ళు. పొద్దుపోయాక వచ్చిన బిడారం బయట ఎక్కడో ఆగాలి కదా, అందుకే అది అక్కడ ఉంది. సరాయి ఎందుకు కట్టారో దాని చోటే సగం చెప్పేస్తుంది. మీ ఊరి సరాయికి కూడా ఇదే ప్రశ్న వేయండి: ఇక్కడే ఎందుకు? వాగు దాటే ముందా, దాటాకా? రెండు బాటలు కలిసే చోటా? వానాకాలంలో వాగు పొంగితే బండ్లు రోజుల తరబడి ఆగే చోటా?

ఆ రోజుల్లో ఇలాంటి చోట ఏం జరిగేదో తెలుసుకోవాలంటే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాసింది చదవాలి. 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి కొల్లూరు వజ్రపు గని మీదుగా మచిలీపట్నం వెళ్ళే దారిని మజిలీ మజిలీగా రాశాడు. మొదటి మజిలీని 'తెనారా' అన్నాడు. అక్కడ తోటలున్న నాలుగు పెద్ద ఇళ్ళు, వాటిలో అన్నిటికంటే పెద్దది రాణికి మాత్రమే. ఆవరణ చుట్టూ పేద బాటసారుల కోసం చిన్న చిన్న గదులు. సాయంత్రం వాళ్ళకి రొట్టె, అన్నం, వండిన కూరలు పంచేవాళ్ళు. ఇతరులు వండింది ముట్టని హిందువులకి పిండి, కొంచెం వెన్న ఇచ్చేవాళ్ళు, వాళ్ళే కాల్చుకునేవాళ్ళు. మన సత్రాల్లో బియ్యం, పప్పు, చింతపండు ఇచ్చి స్వయంపాకం చేసుకోమనే పద్ధతి ఉండేది కదా, అదే ఇది. నగరంలో మూసీకి అవతలి వ్యాపారుల పేటలో పరదేశులు మసీదుల్లోనే బస చేసేవాళ్ళని కూడా ఆయనే రాశాడు. కాబట్టి మీ శిథిలాల్లో ఒక మూల నమాజు గోడ కనిపించినా, ఇంకో మూల హనుమంతుడి రాయి కనిపించినా కంగారుపడకండి. రెండూ బాటసారుల కోసమే అయి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని ఊళ్ళో గొడవ రేగకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు తేల్చాల్సింది: మీది ఏ రకం బస? అన్నిటినీ కలిపి 'సత్రం' అనేస్తాం గానీ, నడిపినవాళ్ళు వేరు, వచ్చినవాళ్ళు వేరు, మిగిలిన కాగితాలు కూడా వేరు.

సర్కారు గానీ, రాజకుటుంబం గానీ కట్టించిన సరాయిలో బస ఉచితం, వంట ఎవరిది వారిదే. పశువుల చోటు గదుల కంటే పెద్దగా ఉంటుంది. కోమటి సెట్లో, దేశ్‌ముఖో పుణ్యం కోసం కట్టించిన సత్రంలో అన్నం పెడతారు, కానీ అందరికీ కాదు. సాధారణంగా మూడు రోజులకి మించి ఉండనివ్వరు. వంటశాల పెద్దది, పశువుల చోటు చిన్నది. పూటకూళ్ళ ఇల్లు పూర్తిగా వ్యాపారం. ఓరుగల్లులో ఒక రూకకి కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, నంజులు, పెరుగు పెట్టే పూటకూళ్ళ ఇంటి గురించి క్రీడాభిరామంలో పద్యమే ఉంది. ఇలాంటి ఇళ్ళకి ఇనాం ఉండదు, వాటి చరిత్ర దొరకడం కష్టం. నాలుగోది ముసాఫిరు బంగళా, దౌరా (పర్యటన) మీద వచ్చే అధికారుల కోసం కట్టింది. ఇది 1865లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీ పెట్టిన, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టిన, తర్వాత సంగతి. ముందు వరండా, ఎత్తైన కప్పు, వెనక వంటిల్లు వేరుగా ఉంటే ఈ రకమే అనుకోవచ్చు.

మీరు పంపిన ఫొటోల్లో గదుల వరస బావి వైపు తెరుచుకుని ఉంది, పెద్ద ఆవరణ ఉంది. సరాయి అనే అనిపిస్తోంది. ఫొటో చూసి ఇంతకంటే చెప్పడం సరికాదు.

కాలం తేల్చడానికి కమాను ఒక్కటే చూడకండి, కప్పు చూడండి. కోణపు కమాను కుతుబ్‌షాహీలతో ఆగిపోలేదు. ఆసఫ్‌జాహీల కాలంలో కూడా మన మేస్త్రీలు అవే కమానులు, అదే డంగు సున్నంతో కట్టారు. కప్పు మాత్రం అబద్ధం చెప్పదు. రాయి, ఇటుక, సున్నంతోనే గుమ్మటంలా తిప్పిన కప్పయితే పాతదై ఉండొచ్చు. ఇనుప గడ్డర్ల మధ్య ఇటుకల చిన్న కమానులు ఉంటే అది రైలు వచ్చాకే. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874లో. గడ్డర్లే కాదు, షాబాదు బండలు, మంగళూరు పెంకులు కూడా రైలెక్కే ఊళ్ళకి చేరాయి. మంగళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ మొదలైందే 1865లో.

నల్గొండ వైపు ఒక ఊళ్ళో ఇలాగే జరిగింది. ఊరంతా కుతుబ్‌షాహీ సరాయి అని నమ్మారు. కప్పులో గడ్డర్లు, వాటి మీద ఇంగ్లండ్ కంపెనీ పేరు అచ్చుపోసి ఉంది. తర్వాత మరమ్మతులో వేశారేమో అన్నారు. అది న్యాయమైన అనుమానమే. గోడలో గడ్డరు కూర్చున్న చోట చూస్తే, దాని కోసమే చెక్కిన దిమ్మె రాయి గోడ వరసలో కలిసి ఉంది, తర్వాత తవ్వి దూర్చింది కాదు. అంటే గోడ, కప్పు ఒకేసారి కట్టినవి. ఊరి పెద్దలు చిన్నబుచ్చుకున్నారు గానీ, నాకైతే అదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. రైలు వచ్చాక కూడా అక్కడ సరాయి కట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? స్టేషన్ దూరం, సంత దగ్గర. సంత ముందు రోజు రాత్రి వచ్చే బండ్ల కోసం కట్టారు.

ఇక కాగితాలు. వరస ఇది.

మొదట మీ ఊరి సేత్వార్ నకలు తీసుకోండి. నిజాం కాలపు సర్వే సెటిల్‌మెంట్ రికార్డు అది. జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డుల ఆఫీసులో అడగాలి. శిథిలం ఉన్న సర్వే నంబరు ఏ రకం భూమిగా రాశారో చూడండి. పట్టానా, ఇనామా, సర్కారీనా, ఖారిజ్ ఖాతానా (పట్టా ఖాతాలోంచి తీసేసిందా)? తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ నంబరు ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు. ఆ నంబరు చుట్టుపక్కల నంబర్లు కూడా తీయండి, ఎందుకంటే ఇనాం భూమి కట్టడం కింద కాకుండా పక్క చేలో ఉంటుంది. ఆ ఇనాం మీద అతియాత్ విచారణ (ఇనాం హక్కుల మీద సర్కారు విచారణ) జరిగి ముంతఖబ్ (దాని తీర్పు పత్రం) వచ్చి ఉంటే మీ అదృష్టం. ఇనాం ఏ సేవ కోసం ఇచ్చారో, ఎవరి పేరు మీద నుంచి ఎవరికి మారిందో అందులో ఉంటుంది. ఆఫీసులో "దొరకడం లేదు" అంటే వాదన పెట్టుకోవద్దు. సర్వే నంబరు, గ్రామం, మండలం స్పష్టంగా రాసి సమాచార హక్కు కింద దరఖాస్తు ఇవ్వండి. లేదని అయినా రాతపూర్వకంగా వస్తుంది.

పాత కాగితాల్లో ఏళ్ళు ఫస్లీలో, అంటే రెవెన్యూ వాళ్ళ సంవత్సరంలో, ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జాగీర్ల రద్దు జరిగిన 1358 ఫస్లీ అంటే 1948-49 అన్నమాట. పార్సీ శాసనాల మీద ఉండేది హిజ్రీ. దానికి ఇలా ఒకే సంఖ్య కలపడం కుదరదు, చాంద్రమానం కాబట్టి పట్టిక చూసుకోవాలి. హిజ్రీ 1000 అంటే 1591-92, చార్మినార్ కాలం. దీన్ని గుర్తుపెట్టుకుంటే ముందు వెనకలు అంచనా వేయొచ్చు.

కట్టడం వక్ఫ్ గెజెట్‌లో ఉందా, దేవాదాయ శాఖ రిజిస్టర్‌లో ఉందా అన్నది కూడా చూడండి. నాంపల్లిలో వక్ఫ్ బోర్డు, బొగ్గులకుంటలో దేవాదాయ శాఖ, ఒక్క రోజులో రెండూ తిరగొచ్చు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి మాత్రం సర్వే నంబరు, ఊరి పాత పేరు, అప్పటి తాలూకా, జిల్లా పేర్లు చేతిలో ఉన్నాకే వెళ్ళండి. అక్కడ మొగలుల కాలపు పార్సీ కాగితాల నుంచి నిజాం కాలపు ఉర్దూ ఫైళ్ళ దాకా సముద్రమంత ఉంది. ఊరికే వెళ్ళి "మా సరాయి గురించి ఏమైనా ఉందా" అంటే వాళ్ళు మాత్రం ఏం చెప్తారు? నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది, గులాం యాజ్దానీ దానికి మొదటి అధిపతి. ఆ శాఖ వార్షిక నివేదికలు, 1927లో సయ్యద్ అలీ అస్గర్ బిల్గ్రామీ హైదరాబాద్ కట్టడాల మీద తెచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. మీ ఊరి పేరు లేకపోయినా, శాసనాలు ఎలా ఉంటాయో అర్థమవుతుంది.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రా చరిత్ర కూడా చదవండి. ఆయన కడప, శ్రీశైలం వైపు నుంచి హైదరాబాద్ వచ్చారు, మీ బాట కాదు. కానీ ప్రతి మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి వసతి ఉందా అని వివరంగా రాశారు. ఆ కాలపు తెలుగు ప్రయాణికుడికి ఏం కావాలో అంతకంటే బాగా చెప్పేది నాకు తెలియదు.

ఇక ఊళ్ళో పెద్దవాళ్ళని అడగడం. "ఎవరు కట్టించారు తాతా" అని అడిగితే ఆయన మీకు రాజు కథ చెప్తాడు, ఎందుకంటే మీకు కావలసింది అదేనని ఆయనకి తెలుసు. ఇలా అడగండి: బండ్లు ఎక్కడ విప్పేవాళ్ళు? ఎడ్లకి నీళ్ళు ఎక్కడ తాపేవాళ్ళు? దీపం ఎవరు పెట్టేవాళ్ళు? చావడికి కట్టెలు ఎవరు మోసేవాళ్ళు? అధికారి వస్తే కోడి ఎవరింటి నుంచి పోయేది?

చివరి రెండు ప్రశ్నలు ముఖ్యం. తెలంగాణ ఊళ్ళలో గిర్దావరో, తహసీల్దారో, అమీనో దిగినప్పుడు ఆ మర్యాదలన్నీ వెట్టి మీద నడిచేవి. కుమ్మరి కుండలు, చాకలి నీళ్ళు, వంటపని, మాదిగ, మాల ఇళ్ళ నుంచి సామాన్ల మోత, గొల్లల నుంచి పాలు, మేక, అన్నీ పైసా లేకుండా. మీ సరాయి తర్వాత రోజుల్లో అధికారుల బసగా మారి ఉంటే, దాని చరిత్రలో ఈ భాగం కాగితాల్లో దొరకదు, ఆ ఇళ్ళ ముసలివాళ్ళ దగ్గరే దొరుకుతుంది. పటేల్, పట్వారీల ఇళ్ళలో మాత్రమే కూర్చుని వినొద్దు. సత్రంలోకి ఎవరిని రానిచ్చారో రాసినట్టే, ఎవరిని గడప బయట ఉంచారో కూడా రాయండి. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఈ బాటంతా నడిచిన లంబాడీలు సరాయిలో దిగేవాళ్ళు కాదు, మందతో బయట మైదానంలో విడిది చేసేవాళ్ళు. దగ్గర్లో తండా ఉంటే అక్కడ కూడా అడగండి. పిల్లలకి రాస్తున్నాం కదా అని ఇవన్నీ వదిలేస్తే మిగిలేది కమానుల ఫొటోలే.

సొరంగం గురించి. హైదరాబాద్ చుట్టూ ఏ పాత కట్టడానికి వెళ్ళినా గోల్కొండకి సొరంగం ఉంటుంది. ఈ నేల కింద ఉన్నది గట్టి గ్రానైట్. కోసుల కొద్దీ తొలిచే పని ఎవరూ చేయలేదు. నేను చూసిన 'సొరంగాల్లో' ఒకటి వాన నీళ్ళు పోయే మోరీ, ఇంకొకటి ధాన్యం దాచే పాతర, మరొకటి బావి నుంచి నీళ్ళు తెచ్చే తూము. మీది కూడా ఇలాంటిదేదో అయి ఉంటుంది. లోపలికి దిగొద్దు, గాలి ఉండదు, పాములుంటాయి. ఇంకో మాట, ఆ సొరంగం ఫొటో, లొకేషన్ ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. గుప్తనిధుల పిచ్చివాళ్ళు రాత్రికి రాత్రి గడ్డపారలతో వస్తారు. ఒక ఊళ్ళో బావి మెట్లన్నీ అలాగే పెకలించేశారు.

సరాయి ఎప్పుడు ఖాళీ అయిందో కనుక్కోవడం, కట్టిన తేదీ కంటే తేలిక. మీ బాటకి నాలుగు గుర్తులు చూడండి. 1864 తుఫానులో మచిలీపట్నం దాదాపు నాశనమైంది, 30 వేల మంది దాకా చనిపోయారు. అప్పటికే ఆ రేవు వ్యాపారం తగ్గుతూ ఉంది. 1889లో రైలు బెజవాడ చేరింది, దాంతో దూరపు సరుకు బండి మీద రావడం ఆగింది. కొత్త సరాయిలు స్టేషన్ల దగ్గరికి పోయాయి, 1919 నాటి నాంపల్లి సరాయి అలాంటిదే. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. బస్సులు పెరిగే కొద్దీ రాత్రి మజిలీ అవసరమే తగ్గిపోయింది. మీ తాతగారి తరం వాళ్ళకి సరాయిలో బండ్లు దిగిన జ్ఞాపకం ఉంటే అవి సంతకో, జాతరకో వచ్చిన దగ్గరి ఊళ్ళ బండ్లే. ఏ సంత, ఏ వారం అని అడగండి.

ఒక హెచ్చరిక. మీ ఊరు ఔటర్‌కి దగ్గర, గజం ధర మీకు తెలుసు. మీరు సేత్వార్ అడిగారని తెలియగానే ఊళ్ళో కొందరికి టెన్షన్ మొదలవుతుంది. కట్టడం ప్రభుత్వానిదా, వక్ఫ్‌దా, ఎవరి పట్టానా అన్న తగువులోకి మీరు దిగొద్దు. చరిత్ర రాస్తున్నాను అని పంచాయతీకో, మున్సిపాలిటీకో ముందే ఒక కాగితం ఇచ్చి, రసీదు ఉంచుకోండి. కట్టడాన్ని కాపాడాలనుకుంటే 2017 తెలంగాణ వారసత్వ చట్టం ఉంది, హెరిటేజ్ శాఖకి ఫొటోలు, కొలతలు, రికార్డు నకళ్ళతో అర్జీ పెట్టొచ్చు. అందాకా మీ అంతట మీరు సిమెంటు మరమ్మతు చేయించొద్దు. సున్నపు గోడకి సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ ఇంకా త్వరగా పోతుంది. గోడల్లో మొలిచిన రావి మొక్కలు కూడా పీకొద్దు, వేర్లతో పాటు రాళ్ళు ఊడిపడతాయి. మొదలు దగ్గర నరికి ఉంచండి, మళ్ళీ చిగురిస్తే మళ్ళీ నరకాలి.

సేత్వార్, ఖాస్రా పహాణీ నకళ్ళు చేతికి వచ్చాక ఆ పేజీల ఫొటోలు ఇక్కడే పెట్టండి, పేర్లు మాత్రం కనిపించకుండా చేయండి. ఉర్దూ చేతిరాత అయితే చదివి చెప్తాను. దాంతోపాటు ఒక గది కప్పు లోపలి నుంచి, కప్పు గోడకి ఆనిన చోట దగ్గరగా తీసిన ఫొటో కూడా కావాలి.